పేరు చెప్పని పొడి

స్వర్ణలత చారుపొడికి మెంతులు వేయించేటప్పుడు ఆమెను ఎవరూ పలకరించకూడదు. మదనపల్లెలో ఆ వీధి వీధంతటికీ తెలిసిన సంగతే అది. మెంతులు కాస్త ఎక్కువ వేగితే పొడి మొత్తం చేదెక్కుతుంది, తక్కువ వేగితే పచ్చివాసన కొడుతుంది. ఆ రెంటికీ నడుమనున్న సందు ఆమె ముక్కుకే తెలుసు. చారుపొడి, కారప్పొడి, కందిపొడి చేసి అంగళ్ళకు వేస్తూ ఇద్దరు పిల్లల్ని చదివించిన ముక్కు అది, దానికి ఆమాత్రం గర్వం ఉండటంలో తప్పేమీ లేదు.

అందుకే ఫోను మోగుతున్నా ఎత్తలేదు. ఆగి, మళ్ళీ మోగింది. విసుక్కుంటూ చూస్తే కుప్పం నుంచి మునికుమార్. మేనత్త నాగమ్మ కొడుకు. గ్రానైటు పాలిషింగు పనిలో ఉంటాడు, పండక్కో పెళ్ళికో తప్ప ఫోను చేసే మనిషి కాడు.

"వదినా, అమ్మని ఆస్పత్రిలో చేర్చినాం," అన్నాడు.

"ఏమాయ?"

"మొన్న పొయ్యి కాడ కండ్లు తిరిగి పడిపోయింది. దొడ్డికి నల్లగా, తారు మాదిరి పోతాండాదంట. శానా దినాలుగా అట్లనే ఉండాదంట, మాకు చెప్పనే లేదు. కడుపులో పుండు పడి రక్తం కారతాండాది అన్నారు. రక్తం ఎక్కించినారు. బాగుపడినట్టే పడి మళ్ళీ తగ్గిపోయింది."

"మళ్ళీ తగ్గేది యాల?"

"అదే డాక్టరమ్మకీ అర్థం కాలా. మోకాళ్ళ నొప్పికని మెడికల్ షాపులో బిళ్ళలు నేనే తెచ్చిస్తా ఉంటి. చీటీ లేకున్నా ఇస్తారు గదా. దానివల్లనే పుండు పడింది అనింది. సరే, ఆపేసినాం గదా, మరి ఇప్పుడు యాల నిలబడదు, ఇంకేదో ఉండాది అంటాది. అమ్మని అడిగితే నోరు తెరవదు. నువ్వు రా వదినా. నీకన్నా చెప్తాదేమో."

ఫోను పెట్టేసేసరికి మెంతులు నల్లబడిపోయాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో స్వర్ణలత మెంతులు మాడ్చడం అదే మొదలు. ఆ బాణలి అలాగే దించేసి, మొగుడికి రెండు ముక్కలు చెప్పి, చేతిసంచిలో ఒక చీర పెట్టుకుని బస్టాండుకు బయలుదేరింది. నాయన పోయాడు, అమ్మ అంతకుముందే పోయింది. "ఏం మే, తిన్నావా?" అని అడిగే గొంతు ఈ లోకంలో ఇంక అదొక్కటే ఉంది. అదీ పోతుందేమో.

కుప్పం బస్సు పుంగనూరు, పలమనేరు మీదుగా పోతుంది. టమోటా మార్కెట్టు దగ్గర లారీల మధ్య ఇరుక్కుని, డ్రైవరు ఎవరెవరి పుట్టుపూర్వోత్తరాలో ఎత్తి తిట్టి, ఎట్లాగో ఊరు దాటాడు. కిటికీ పక్కన కూర్చున్న స్వర్ణలతకు అవేవీ చెవికెక్కలేదు. పుంగనూరు వచ్చేదాకా కళ్ళు మూసుకునే ఉంది. వచ్చాక మాత్రం మెడ బయటికి చాచి చూసింది. ఎప్పుడు ఆ దారిన పోయినా చూస్తుంది. చూడటానికి ఏమీ లేదు. నాయన ఆదివారాలు కూర్చునే వసారా ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోను కవర్లమ్మే అంగడి ఉంది, రంగురంగుల కవర్లు తోరణాల్లా వేలాడుతున్నాయి.

వారమంతా నాయన చెంగల్రాయుడు అందరిలాంటి రైతే. వేరుశనగ వేసిన చెనిగ్గచేలో గుంటక తోలేవాడు, వాన రాకపోతే మబ్బును తిట్టేవాడు, వస్తే ఎక్కువొచ్చిందని తిట్టేవాడు. ఆదివారం పొద్దున మాత్రం తలకు పోసుకుని, తెల్లటి పంచె కట్టుకుని వసారాలో కూర్చుంటే వేరే మనిషైపోయేవాడు. అప్పటికే కలికిరి నుంచి, చౌడేపల్లె నుంచి జనం వచ్చి ఉండేవాళ్ళు. మోకాళ్ళు పట్టుకుని దిగేవాళ్ళు, నడుం మీద చెయ్యేసుకుని వచ్చేవాళ్ళు, కొడుకుల భుజాల మీద వచ్చేవాళ్ళు. చెంగల్రాయుడి నొప్పుల మందు ఆ చుట్టుపక్కల అంత పేరున్నది. అంత పేరున్న మందుకు పేరు లేదు.

అదే దాని కట్టుబాటు. మందులో ఏముందో అడగకూడదు. పుచ్చుకున్నవాడు ఇంకొకడికి చెప్పకూడదు. "పేరు బయటికొస్తే మందు సచ్చిపోతాది," అనేవాడు చెంగల్రాయుడు, అది నవ్వే మాట కాదన్నట్టు. పరగడుపున తూర్పు తిరిగి నిలబడాలి. అరచేతిలో వేలికొనకు అంటినంత పొడి పెట్టి, చూడనివ్వకుండా పిడికిలి మూసి, పైన తన చెయ్యి వేసి ఒక్కసారి అదిమేవాడు. చూడకుండానే నోట్లో వేసుకోవాలి. వెనకనే ఇంట్లోని పొట్టి ఆవు మజ్జిగ ఒక గుక్క. అంతే. మళ్ళీ ఆదివారం దాకా ఏమీ లేదు. చింతపండు, వంకాయ ముట్టకుండా పథ్యం ఉండాలి.

తాను ఏమీ చెప్పడు గాని, ఎదుటివాడు మాత్రం అంతా చెప్పాలి. అదొక విడ్డూరం. వచ్చినవాణ్ణి ముందు కూర్చోబెట్టి, "ఈ వారంలో నోట్లో ఏమేం పెట్టినావు?" అని మొదలుపెట్టేవాడు. సంగటి, ఊరుబిండి, చారు, మొన్న పెళ్ళిలో తిన్న లడ్డూ, అన్నీ వినేవాడు. "ఇంకా?" అనేవాడు. "ఇంకేం లేదప్పా." "ఇంకా?" ఆ రెండో 'ఇంకా'కు, ఆస్పత్రిలో ఇచ్చిన బిళ్ళలో, అంగట్లో కొన్న తలనొప్పి మాత్రో బయటపడేది. పడిందా, ఆ మనిషికి ఆ రోజు మందు లేదు. "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవప్పా. ఆ బిళ్ళల పని అయిపోనీ. అప్పుడు రా." బతిమాలినా, ఏడ్చినా, ఊరి పెద్దను తోడు తెచ్చుకున్నా అంతే.

స్వర్ణలత చిన్నప్పుడు ఆ పొడి వెనక కుక్కపిల్లలా తిరిగేది. నాయన చేతులు పట్టుకుని వాసన చూసేది. వావిలాకు పసరు ఘాటు ఒక్కటే తెలిసేది. దాని వెనక ఇంకేమేం ఉన్నాయో అంతుబట్టేది కాదు. నల్లగా మాడ్చి, ఆ పసరులో నానబెట్టి ఎండబెట్టేవాడు కాబట్టి అన్ని వాసనలూ ఒకటే వాసన అయిపోయేవి. "నీ ముక్కు మామూలు ముక్కు కాదు మే, ఎప్పటికైనా పట్టేస్తావు," అని నవ్వి, బూడిదతో చేతులు తోముకునేవాడు. ఎప్పటికైనా తనకే చెప్తాడని ఆమె అనుకుంది. ఆ ముక్కును మెచ్చుకున్నవాడు ఇంకెవరికి చెప్తాడు?

నాయన మీద కోపం వచ్చిన సంగతి ఒకటి ఉంది. ఒక ఏడు విషజ్వరం వచ్చి, అమ్మకు ఒళ్ళంతా కీళ్ళు పట్టేశాయి. మదనపల్లె ఆస్పత్రిలో బిళ్ళలిచ్చారు. అవి మింగుతూ, గోడ పట్టుకుని, పళ్ళు బిగబట్టి నడిచేది. వసారాలో ఊరందరికీ పొడి పంచుతున్న మనిషి లోపల మూలుగుతున్న పెళ్ళానికి మాత్రం చిటికెడు ఇవ్వలేదు. స్వర్ణలత నిలదీసింది. "ఊరోళ్ళందరికీ ఇస్తావు, అమ్మకి ఇయ్యవా?"

"మీ అమ్మ గనకనే ఇయ్యలా," అన్నాడు.

ఆ మాటకు అర్థం ఆమెకు తెలియలేదు. రాతిగుండె మనిషి అనుకుంది. చాలా రోజులు నాయనతో మాట్లాడలేదు.

కోపాల సంగతి అట్లా ఉంచితే, పోయేముందు అతను చేసిన పని మాత్రం ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది. కరోనాకు ముందు ఏడాది అతను మంచాన పడ్డాడు. ఒకరోజు అందరినీ బయటికి పొమ్మని, చెల్లెలు నాగమ్మను దగ్గరికి పిలిచాడు. తలుపు మూశారు. తలుపు బయట కూతురు నిలబడింది. లోపల చెవిలో చెప్తున్న గుసగుస వినబడింది గాని మాటలు వినబడలేదు. తలుపు తెరుచుకున్నాక నాగమ్మ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది, మేనకోడలి మొహం చూడలేక చూరు వంక చూసింది. స్వర్ణలత ఏమీ అడగలేదు. అత్త ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత ఇద్దరూ వెయ్యి మాటలు మాట్లాడుకున్నారు గాని, ఆ ఒక్క మాట దగ్గరికి ఎవరూ పోలేదు.

బస్సు పలమనేరు దాటి, ఘాటు రోడ్డు దాటి, వి.కోట దాటింది. వెనక సీట్లో తమిళం మొదలైంది, ముందు సీట్లో కన్నడం. కుప్పం వచ్చేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది.

నాగమ్మ మంచం కిటికీ పక్కన ఉంది. స్వర్ణలత గుమ్మంలోనే ఆగిపోయింది. గట్టు మీద చెనిగ్గకాయల మూట నెత్తికెత్తుకుని తన చెయ్యి పట్టుకుని పరిగెత్తించిన మనిషి, ఇప్పుడు మంచంలో సగం కూడా లేదు. మొహం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది.

"వచ్చినావా మే?" అంది నాగమ్మ. "తిన్నావా?"

ఆ మాటతో స్వర్ణలతకు ఏడుపు ఆగలేదు. పైట నోటికి అడ్డం పెట్టుకుని, "తిన్నాలే అత్తా," అని అబద్ధం చెప్పింది.

డాక్టరు సంగీత చిన్న వయసు పిల్ల. వరండాలోకి పిలిచి, కూర్చోమని కుర్చీ జరిపి, మెల్లగా చెప్పింది.

"నొప్పి మాత్రలు కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయమ్మా. రక్తాన్ని తొందరగా గడ్డకట్టనివ్వవు కూడా. పెద్దవాళ్ళు నెలల తరబడి వాడితే ఇట్లాగే అవుతుంది. కానీ అవి ఆపాక, మేమిచ్చే మందులతో నిలబడాలి. నిలబడలేదు. ఇంకేదో తీసుకుంటున్నారని నా అనుమానం. రోజూ అడుగుతున్నాను, మందులేమైనా వాడుతున్నావా అవ్వా అని. లేదమ్మా అంటారు. మా నాయనమ్మా అంతే. కషాయం తాగుతూ ఏ మందూ వాడను అనేది. ఆవిడ లెక్కలో కషాయం మందు కాదు."

"నాటు మందు ఏదన్నా అయితే ప్రమాదమా?"

"అదేమిటన్న దాన్నిబట్టి. కొన్ని మూలికలు కూడా రక్తాన్ని పల్చగా చేస్తాయి. నొప్పి మాత్రలతో కలిస్తే రెండూ ఒకే వైపు లాగుతాయి. కొన్ని నాటు మందుల్లో భస్మాలుంటాయి, పాదరసం లాంటివి. అట్లాంటిదైతే వైద్యమే మారిపోతుంది. ఏమీ తెలియకుండా నేను చీకట్లో రాయి విసరలేను. ఆవిడ ఒళ్ళు చూశారు కదా. ఇంకొకసారి రక్తం పోతే తట్టుకోదు."

స్వర్ణలతకు పొడి గుర్తురాకుండా ఎట్లా ఉంటుంది? బస్సెక్కినప్పటి నుంచీ ఆమె దాన్నే తలుచుకుంటోంది. కానీ నాయన పొడి! ఎంతమందిని నిలబెట్టి నడిపించిన పొడి! ఆదివారానికొకసారి వేలికొనకంటే అంతది, అది మనిషిని చంపుతుందా? అనుమానపడటానికే ఆమెకు మనసొప్పలేదు. తప్పు చేసినట్టు అనిపించింది.

వార్డులోకి తిరిగి వచ్చేసరికి నాగమ్మ మంచం మీద లేచి కూర్చుని, తూర్పుగా కిటికీ వైపు తిరిగి ఉంది. వెనక అడుగుల చప్పుడు ఆమెకు వినబడలేదు. కుడిచెయ్యి పిడికిలి బిగించి, తలెత్తి, దాని వంక చూడకుండా నోట్లో ఒంపుకుంది. అదే తిరగడం, అదే పిడికిలి, అదే చూడకపోవడం. పుంగనూరు వసారా అంతా ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చి నిలబడింది. ఆ వెంటనే ఇంకొకటి తట్టింది. ఈరోజు ఆదివారం కాదు. పరగడుపూ కాదు, మధ్యాహ్నం.

"ఏంది అత్తా అది?"

నాగమ్మ ఉలిక్కిపడి నోరు మూసుకుంది. "వక్క మే."

"వక్క మానేసి ఎన్నేళ్ళాయ నువ్వు?"

దిండు కింద ఆకువక్క సంచి ఉంది. పాతది, అద్దాల బిళ్ళలు కుట్టింది. స్వర్ణలత తీసి తెరిచింది. వావిలాకు వాసన గుప్పుమంది. గుడ్డలో మూటగట్టిన నల్లటి పొడి. దాని పక్కనే సగం ఖాళీ అయిన నొప్పి బిళ్ళల అట్ట.

"రెండూనా?" అంది స్వర్ణలత. "ఆస్పత్రిలో కూసోని రెండూ మింగతాండావా?"

"అరవొద్దు మే. నర్సమ్మ వస్తాది."

"అరవకుండా ఎట్ల ఉండేది? బిళ్ళలు ఆపెయ్యమన్నారు గదా!"

"కడుపుకి వాళ్ళు ఇస్తాండారు, మింగతాండా గదా," అంది నాగమ్మ, తెలివితక్కువ పిల్లకు లెక్క చెప్పినట్టు. "మోకాలికి ఎవురిస్తారు? ఆ బిళ్ళ ఇంగ్లీషు మందు, ఇది మన మందు. దాని దోవ దానిది, దీని దోవ దీనిది. ఒకదానికొకటి యాల అడ్డమొస్తాయి?"

"దినామూ ఏసుకుంటాండావా?"

"ఆదివారం వరకూ ఆగమంటే నొప్పి ఆగుతాదా? దానికి వారం తెలుస్తాదా? ముందర చిటికెడే. సాల్లా. ఇప్పుడు గరిటెడు, పొద్దునా మాపునా. ఏమైతాదిలే, ఇంట్లో వస్తువే గదా అని..." చప్పున ఆగిపోయింది. నాలుక కరుచుకుంది.

"డాక్టరమ్మకి చెప్పు అత్తా. దాంట్లో ఏముండాదో చెప్పు."

"సెప్పకూడదు. నీకు తెల్దా? పేరు బయటికొస్తే మందు సచ్చిపోతాది."

"నువ్వు సచ్చిపోతే?"

నాగమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. కింద రోడ్డు మీద గ్రానైటు బండలతో లారీ ఒకటి మూలుగుతూ పోతోంది. అది పోయిందాకా ఆగి, చిన్న గొంతుతో అంది. "మోకాలికి ఒక్కదానికే ఏసుకుంటాండా అనుకుంటివా? పిడికిలి మూస్తే మాయన్న సెయ్యి పైన ఉన్నట్టే ఉంటాది మే. అట్ల అదిమేవాడు గదా. ఆ సెయ్యి కోసరం కూడా మింగతాండా. పేరు సెప్పేస్తే ఇంగ నాకు ఏముండాది?"

స్వర్ణలతకు కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. మంచం మీద కూర్చుంది. తిట్టి లాభం లేదు, ఏడ్చి లాభం లేదు. అన్న మాటను జవదాటని ఈ ముసలమ్మకు అన్న మాట తప్ప ఇంకే మాటా ఎక్కదు. ఆ ఆలోచన వచ్చాక ఆమె సర్దుకుని, మఠం వేసుకుని, నాయన కూర్చున్నట్టు ఎదురుగా కూర్చుంది.

"ఈ వారంలో నోట్లో ఏమేం పెట్టినావు?"

నాగమ్మ అదిరిపడి చూసింది.

"చెప్పు. ఏమేం పెట్టినావు?"

"యాల మే అట్ల అడుగుతావు..."

"ఇంకా?"

స్వర్ణలత ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "అత్తా, అమ్మకి కీళ్ళు పట్టుకున్నప్పుడు నువ్వు మా ఇంట్లోనే ఉంటివి. నాయన అమ్మకి పొడి ఇచ్చినాడా?"

"ఈలేదు."

"యాల?"

"ఆస్పత్రి బిళ్ళలు మింగతాండె గదా మీయమ్మ."

"కట్టుకున్నదానికే ఇయ్యలా. గోడ పట్టుకుని ఏడుస్తా ఉంటే కూడా ఇయ్యలా. నేను రాతిగుండె అనుకుంటి. ఇప్పుడు నాయన ఈడ కూసోనుంటే, నీ సంచిలో ఈ బిళ్ళల అట్ట చూసినాడంటే, నీ చేతిలో పొడి పెడతాడా అత్తా?"

నాగమ్మకు గుండెల్లోంచి వచ్చింది ఏడుపు, చిన్నపిల్ల ఏడ్చినట్టు. "పెట్టడు మే. తరిమేసుండును. ఫో ఫో అని తరిమేసుండును నన్ను."

కళ్ళు తుడుచుకుంది. జారిన ముడి విప్పి మళ్ళీ వేసుకుంది. "తూరుపు తిరిగి కూసో. సెవి ఈడ పెట్టు," అంది.

స్వర్ణలత తిరిగి కూర్చుంది. ఆ తలుపు బయట నిలబడ్డప్పటి గుసగుస ఇప్పుడు తన చెవిలోనే వినబడుతోంది. శొంఠి. మిరియాలు. పసుపు. తెల్లగడ్డ. మెంతులు. అన్నీ మాడ్చి, వావిలాకు పసరులో నానబెట్టి, నీడన ఎండబెట్టడం.

ఇంకా ఏదో ఉంటుందని ఆగింది. "తర్వాత?"

"అంతే."

"అంతేనా?"

"అంతే మే."

స్వర్ణలతకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు నిండాయి. ఇన్నేళ్ళూ ఏ అడవి మూలికో, ఏ కొండ వేరో అనుకుంది. హార్స్లీ హిల్స్ వైపు పోయినప్పుడల్లా చెట్టు చెట్టునూ అనుమానంగా చూసింది. తీరా చూస్తే అన్నీ తన వంటింట్లో డబ్బాల్లో ఉన్నాయి. రోజూ దంచుతోంది, రోజూ జల్లెడ పడుతోంది. పొద్దున మాడ్చిన మెంతులు కూడా అందులోవే.

"ఇదే అయితే ఇంత దాచేది యాల?"

"నేనూ అడిగినా. వంటింట్లోది అని తెలిస్తే భయం ఉండదు నాగమ్మా, గుప్పెళ్ళతో తింటారు అనినాడు." నాగమ్మ తన చేతి వంక చూసుకుంది. "తెలిసిందాన్ని నేనే తింటిని సూడు, గరిటెలతో."

"నాకు యాల చెప్పలేదు అత్తా?" ఇన్నేళ్ళుగా లోపల ఉన్న ముల్లు ఇప్పుడు బయటికొచ్చింది. "నేనేం తప్పు చేసినా?"

"తప్పేమీ లేదు మే. నీకంటే నీ ముక్కుకే భయపడినాడు. నా ప్రాణం పొయ్యేటప్పుడు నీకు సెప్పమనే సెప్పినాడు నాతో. ఇప్పుడే సెప్తే స్వర్ణ దీన్ని ప్యాకెట్లలో పోసి అమ్ముతాది, ఊరూరా పోతాది, ప్యాకెట్టు నోరు తెరిచి అడగదు గదా ఇంకేం మింగినావని, అనినాడు."

స్వర్ణలత తలొంచుకుంది. కాదని అనలేకపోయింది. అమ్మేదే. నాయన ఫొటో కూడా వేసి అమ్మేది. అయినా ఆమె మనసు తేలికపడింది. తనకే చెప్పమన్నాడు. కొంచెం ఆలస్యంగానైనా తనకే.

లేచి వరండాలోకి నడిచింది. డాక్టరు సంగీత ఇంకొక పేషంటు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూస్తోంది. స్వర్ణలత ఎదురుగా నిలబడి నోరు తెరిచింది గాని మొదటి మాట రాలేదు. నాయన వదిలిపోయిన ఆస్తి అది ఒక్కటే. అది చేతికొచ్చి ఆవాలు చిటపటలాడేంత సేపు కూడా కాలేదు. ఉంచుకునే వీలు లేదు.

"శొంఠి," అంది.

తర్వాతవి సులువుగానే వచ్చాయి. డాక్టరు ఎంతెంత, ఎన్నిసార్లు, ఎన్నాళ్ళుగా అని అడిగింది. భస్మాలేమీ లేవు కదా అని రెండుసార్లు అడిగింది. లేవంటే ఊపిరి పీల్చుకుంది. "ఇవన్నీ మంచివేనమ్మా. కూరలో, చారులో పడితే ఎవరికీ ఏమీ కాదు. రోజూ గరిటెలతో, అదీ నొప్పి మాత్రల మీద, పచ్చి పుండున్న కడుపులో అంటే వేరే సంగతి. రక్తం ఎందుకు నిలబడలేదో ఇప్పుడు అర్థమవుతోంది. ఆ సంచి నాకిచ్చెయ్యండి. మోకాళ్ళకు కడుపును చెరపని మందు నేను చూస్తాను. ఇకమీదట ఆకు తిన్నా, వేరు తిన్నా, అంగట్లో బిళ్ళ కొన్నా, ముందు నాతో చెప్పమనండి."

"మా నాయనా అదే అనేవాడు," అంది స్వర్ణలత.

నాగమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. "సెప్పేసినావా?"

"చెప్పేసినా అత్తా."

"అన్నీనా?"

"అన్నీ."

నాగమ్మ దుప్పటి మొహం మీదికి లాక్కుంది. సాయంత్రం మునికుమార్ తెచ్చిన గంజి తాగింది, బుద్ధిగా పడుకుంది. స్వర్ణలత ఆమె కాళ్ళు ఒత్తుతూ కూర్చుంది. ఆ మర్నాడు రక్తపరీక్ష చేస్తే రక్తం తగ్గలేదు. ఆ తర్వాత రోజూ తగ్గలేదు, పైగా కాస్త పెరిగింది. మునికుమార్ వరండాలో గోడకానుకుని మొహం దాచుకుని ఏడ్చాడు. ఆ బిళ్ళలు తెచ్చిచ్చింది తనేనని ఇన్ని రోజులూ కుమిలిపోతున్నాడు పాపం.

డిశ్చార్జి చేస్తారనగా ఆ పొద్దున నర్సు వచ్చింది. అట్టలోంచి ఒక బిళ్ళ చించి, నీళ్ళ గ్లాసుతో పాటు అందించింది. నాగమ్మ చెయ్యి చాచలేదు.

"ఏం బిళ్ళ ఇది?"

"కడుపుకి అవ్వా. మింగేయండి."

"దాని పేరేంది?"

నర్సు నవ్వింది. "పేరు తెలుసుకుని ఏం చేస్తారవ్వా? డాక్టరమ్మే రాసింది."

"అట్ల గాదమ్మా," అంది నాగమ్మ. గొంతులో బలం లేదు గాని మాట గట్టిగానే ఉంది. "పేరు సెప్పకుండా ఇచ్చినా మింగేదానికి నాకు ఒక్కడే ఉండె. ఆయప్ప పొయ్యినాడు. నువ్వు పేరు సెప్పు."

నర్సు అట్ట తిప్పి చూసి, పేరు చదివి చెప్పింది. నాగమ్మ దాన్ని పలకడానికి చూసింది. నోరు తిరగలేదు. మళ్ళీ చెప్పించుకుంది. స్వర్ణలత ఆ బిళ్ళ తీసుకుని అత్త అరచేతిలో పెట్టింది, పిడికిలి మూసింది, పైన తన చెయ్యి వేసి ఒక్కసారి అదిమింది.